కింది వరుస

నిరుటి నాలుగో సంచిక ఈ మార్చిలో వచ్చింది,
ఆలస్యంగా, కవరు మూలలు తడిసి.
ఇరవై రెండేళ్లుగా చేస్తున్నట్టే
కత్తెరతో అంచు కోసి, అట్ట మీద ముద్ర కొట్టి
కార్డుల సొరుగు లాగాను.
నాలుగో గడిలో పెన్సిల్‌తో ఒక టిక్కు.
కింది వరుస మొత్తం ఖాళీ.
ఖాళీగానే ఉంటుందిక. కార్డుకి ఎవరూ చెప్పలేదు.

జోయెన్సూలో మంచు ఇంకా కదల్లేదు.
నేలమాళిగలో, వేణ్ణీళ్ల గొట్టాల కింద
చక్రం తిప్పితే అరలు
నిద్రలో పక్కకి ఒత్తిగిల్లే మనుషుల్లా జరుగుతాయి.
డెబ్బైల్లో ఎర్ర గుడ్డ అట్టలు,
తరవాత ఆకుపచ్చ,
తరవాత డబ్బు చాలక బూడిదరంగు.
బైండరు హుక్కానెన్‌కి రంగుతో పనిలేదు,
దారం దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

పైనించి యెరె దిగొచ్చాడు, చేతిలో పట్టిక.
"నాలుగువందల అరవై మీటర్లు" అన్నాడు.
పత్రికల్ని మీటర్లలో కొలవడం
వాడికి నేర్పింది నేనే.

చెడ్డవాడు కాదు.
ఇక్కడ బల్లలు వేస్తారట, మెత్తటి కుర్చీలు, కిటికీ కూడా కొడతారట.
ఒక్క జిరాక్సు పేజీ కోసం
ఇలోమాంట్సి నుంచి మంచులో బస్సెక్కి రానక్కర్లేదు ఎవరూ.
రాత్రి రెండింటికి, ఒళ్లో పసిపిల్ల,
ఒంటిచేత్తో చదువుకున్నానని
ఓ పరిశోధకురాలు నాకు కృతజ్ఞతలు రాసింది.
నేను చేసిందల్లా చందా ఫారం మీద
ఒక గడి మార్చడమే.

సరే, అంతా బాగానే ఉంది.
కానీ పద్దెనిమిదో సంపుటం, రెండువందల పదకొండో పేజీ.
సరస్సు మీద మంచు విడిపోయిన తేదీలు, ఏడాది వారీగా.
1951కి ఎదురుగా అచ్చులో: మే 19.
పక్కన పెన్సిల్‌తో, చలికి కొంకర్లు పోయిన చేతిరాత:
"కాదు. ఇరవై ఆరు.
ఆ పొద్దున మా అన్న పడవ దించాడు. నేనున్నాను."
సంతకం లేదు.

తెర మీద అదే పేజీ తెరిచాను.
ఎక్కడిదో, ఎవరి చెయ్యీ పడని ప్రతిని
ఫోటో తీసినట్టున్నారు.
తెల్లటి అంచు. మే 19, ధీమాగా.
పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను.
అంకె లావెక్కింది గానీ
అన్న రాలేదు.

ప్రచురణకర్తలకి రాశాను.
మీ ఫిర్యాదు సంఖ్య ఇదీ, అని జవాబు,
నేను పంపు మీట నొక్కిన క్షణంలోనే.
అంత తొందరగా ఎవరూ ఏదీ చదవరు.

ఒప్పందం కాగితాలు ఇరవై మూడు. అన్నీ చదివాను.
చందా ఆగిపోతే పాతవి కూడా, అన్నచోట
వాక్యం మెలికలు తిరిగింది.
డబ్బు కట్టలేని ఏడు ఇదివరకూ ఉండేది.
కొత్తవి వచ్చేవి కావు, అంతే.
పాతవి అరల్లోనే ఉండేవి, ఎవరికీ బాకీ లేనట్టు.

ఏప్రిల్లో లారీ వచ్చింది.
తూకం వేసి రసీదిచ్చారు.
గుజ్జు చేసి అట్టపెట్టెలు చేస్తారట.
ఆ పెట్టెల్లోనే ఒకదాంట్లో
మాకు కొత్త కంప్యూటరు రావచ్చు.
పద్దెనిమిదో సంపుటం తూకంలో లేదు.
యెరె పట్టికలో ఆ వరుస చూశాడు,
నన్ను చూశాడు,
టిక్కు పెట్టేసుకున్నాడు.

మే నెల ఎనిమిది, సాయంత్రం
పనినుంచి తిన్నగా ఒడ్డుకి వెళ్లాను.
గాజు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు చప్పుడు,
ఆ పైన నల్లగా నీళ్లు.
కార్డు నా కోటు జేబులోనే ఉంది.
కింది వరుస, మొదటి గడి చిన్నది,
అక్షరాలు పక్క గడిలోకి పోయాయి:
ఈ రోజు విడిపోయింది. నేనున్నాను.