చుక్క లేని ప్రశ్న

సవారన్న చెప్తుంటె నేను టైపు కొట్టేటోణ్ణి.
మక్తల్ల, పెట్రోల్ బంకు ఎన్క, రేకుల అర్ర.
ఫ్యాను తిరిగితె కాయితాలు లేస్తయని
ఎండకాలం గుడ ఆపిపెట్టేది.
"రాయి మియా," అనేటోడు,
"మా దిక్కు బాయిలల్ల ఎన్ని గజాల లోతుకు పోతె నీళ్లు తగుల్తయో
మంత్రికి ఎర్కనా, అని రాయి."
నేను దాన్ని ఇంగ్లీషుల మడత పెట్టి
ఎ, బి, సి, డి చేసి
కింద ఆయన సంతకానికి జాగ విడిచేటోణ్ణి.

ఎంపీ కాకముందు ఆయన గుంపు మేస్త్రికి లెక్కలు రాసిండు.
ఏ డ్యామ్ కాడ ఎంతమంది, ఎవలికెంత అడ్వాన్సు,
మన్ను కూలి పోయినోళ్లల్ల
ఎవలెవలి పేరు మీద గీత కొట్టాలె.
గీత కొట్టిన పేర్లు ఆయనకు నోటికొచ్చు.
ఢిల్లీకి గుడ అదే నోటుబుక్కు పట్కపోయిండు,
ముందర సగం కూలోళ్లు, ఎన్కసగం మంత్రులు.

సభల ప్రశ్నలు రెండు తీర్లు.
చుక్క పెట్టినదానికి మంత్రి లేచి నిలబడి నోటితోని చెప్పాలె.
చుక్క లేనిదానికి కాయితం వస్తది.
అయిదేండ్లు చీటీలు తీసిండ్రు,
ఒక్కపారి గుడ ఆయన పేరు చుక్కల దిక్కు పడలే.
"మన జిల్లా మీద చుక్కలకే కోపం మియా," అని నవ్వేటోడు.
నవ్వితె పండ్ల మీద ఫ్లోరైడు గార.
పోస్టర్లల్ల దాన్ని తెల్లగ చేసేటోళ్లు.

జవాబులు వస్తుండె, నున్నటి కాయితం, సింహాల ముద్ర.
"ఎ నుంచి డి వరకు: సమాచారం సేకరించి
సభ బల్ల మీద ఉంచబడును."
"ఆ బల్ల నేను చూసిన," అన్నడొకనాడు.
"దాని మీద ఒక గిలాసల నీళ్లుంటయి, పైన మూత.
మంత్రి ముట్టలే. సభ అయినంక నౌకరొచ్చి
పూలకుండీల పారబోసిండు."
శానసేపు ఇగ ఏం చెప్పలే.
నేను మిషిన్ల కాయితం ఎక్కించుకుని కూసున్న.

అయిదేండ్లకు తేలిన లెక్క:
ఏడు బోరింగులు, అండ్ల మూడు ఎండినయి.
ఒక రైలు రెండు నిమిషాలు ఆగుడు.
ఒక బస్ షెల్టరు, దాని మీద ఆయన పేరు,
పేరు మీద అవతలి పార్టీ పోస్టరు.

మల్ల నిలబడ్డప్పుడు పార్టీ మనిషి చెవుల చెప్పిండు,
"ఊరూరికి ఇంత చుక్క పొయ్యాలె అన్నా."
"పోయిన అయిదేండ్లు దానికోసమే గద కొట్లాడిన," అన్నడు సవారన్న.
అది నవ్వులాటో దుఃఖమో ఆ మనిషికి సమజ్ కాలే.
నాకు గుడ ఇప్పటిదాంక కాలే.

ఓడిండు. ఓడినంక పన్నెండేండ్లు బతికిండు.
నేను మిషిని తుక్కుల అమ్మేసిన, రిబ్బన్ దొర్కుతలేదని.
కని నాకు యాదికొచ్చేది ఆయన పోయిన దినం కాదు,
ఓట్ల దినం రాత్రి.

పునా కెళ్లి లారీలల్ల వచ్చిండ్రు, కిరాయి అవతలోళ్లు కట్టిండ్రు.
ఓటేసి అదే లారీలు ఎక్కుతుండ్రు, రాయచూరు రోడ్డు మీద.
పొద్దుగాల సిమెంటు పనికి అందుకోవాలె.
సవారన్న పోయి వాళ్ల నడుమ నిలబడ్డడు.
ఎవలికేసిండ్రో అందరికెర్కే.
తిమ్మమ్మ ఎడమచెయ్యి కొంగుల దాసుకున్నది,
వేలి మీద చుక్క ఇంక తడి ఆరలే.

ఆయన ఆ చెయ్యి దిక్కు చూడలే.
"డబ్బాల నీళ్లు నింపుకున్నవా అత్తా?
షోలాపూర్ దాంక మంచియి దొర్కయి," అన్నడు.
ఆమె డబ్బా చూపిచ్చింది, సగమే ఉంది.
ఆయన హోటలోన్ని లేపి నింపిచ్చిండు.

లారీ కదిలినంక అంగి జేబుల నోటుబుక్కు తీసి
ఆ చీకట్లనే, ఒత్తి ఒత్తి, రాసిండు.
ముప్పై ఎనిమిది మంది.
తల్లులు చంకల పట్కపోయిన పిల్లలు నలుగురు, వేరే.