సున్నా పాయింటు సున్నా

గుత్తి మండలాఫీసు వెనక
ఇరవై ఆరేళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు
వానగేజీ మూత తీసి, రిజిస్టర్లో
నేను రాసింది దాదాపు ఒకటే:
సున్నా పాయింటు సున్నా.
రిటైరైనా అలవాటు పోక
మిద్దె మీద సొంత గేజీ, సొంత రిజిస్టరు.
అప్పుడే బుద్ధి పుట్టింది, మైక్రోస్కోపు కొనాలని.

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర కొట్టాయన
మెరిసే డబ్బా ముందుకు తోశాడు.
"రెండువేల రెట్లు సార్, పిల్లలు శానా ఇష్టపడతారు."
నాకేనని చెప్పడానికి సిగ్గేసింది.

డబ్బాను వెనక్కి తోసింది దస్తగిరి.
పెద్దాసుపత్రిలో ముప్పైఏళ్లు
మలేరియా స్లైడ్లు చూసిన కన్ను అతనిది, కుడిది.
ఎడమకంటితో నన్ను చూస్తా అన్నాడు:
"అంకె పెంచుకుంటా పోతే మసకే పెద్దదైతాది అన్నా.
నన్నూరు రెట్లు సాలు.
లోపల ప్లాస్టిక్ కాదు, గాజుండాల."

మరలు తిప్పి, చెయ్యి వదిలి చూశాడు.
ఒకదాని పీట దానంతటదే కిందికి జారింది.
"ఇది మాట మీద నిలబడేది కాదు."
ఇంకోటి కరకరమంది. పక్కన పెట్టాడు.
మూడోది పాతది,
యాడో కాలేజీ మూతబడితే వచ్చిందంట.
ఇనుప కాళ్లు, పెచ్చులూడిన నల్లరంగు,
చంకనెత్తుకుంటే రెండేళ్ల బిడ్డంత బరువు.
బల్బు లేదు, కింద గుండ్రటి అద్దం.

"మరి వెలుగు?"
దస్తగిరి బయట మెత్తబడిన తారురోడ్డు చూపించాడు.
"అనంతపురంలో ఉండి వెలుగు కొనుక్కుంటావా?
సూర్యుని దిక్కు మాత్రం తిప్పొద్దు, కన్ను పోతాది.
సున్నం కొట్టిన గోడ దిక్కు తిప్పు."

ఐదువేల ఎనిమిదొందలు.
బస్సులో ఒళ్లో పెట్టుకుంటే
కండక్టరు నవ్వుతా అరటిక్కెట్టు అడిగాడు.

తిప్పమ్మ చీపురు ఆపింది.
"ఇంతకీ ఏం సూస్తావు దాంట్లో?
కుంటల్లో నీళ్లా? కుంటలే ల్యాకపాయ."

నిజమే. ఎవరు రాసినా
చెరువు నీటిచుక్కతోనే మొదలుపెడతారు.
మూడురోజులు ఉల్లిపొర చూశాను, ఉప్పు చూశాను,
రాలిన నా రెప్పవెంట్రుక చూశాను.
నాలుగోరోజు పిట్టగోడ సందులో
వక్కపొడి మాదిరి ఎండిన పాచిని గోటితో గీకి
సీసామూతలో వేసి, నాలుగు చుక్కలు పోశాను.
కొలిచి, నాలుగే.

అర్ధగంటకు పచ్చబడింది.
పిండి, గాజుపలక మీద పెట్టి,
గోడ దిక్కు అద్దం తిప్పి, మర సవరిస్తా ఉంటే
మట్టిరేణువుల మధ్యన ముడుచుకున్న ఒక గుళిక
ఉబ్బింది. ముడతలు విప్పుకుంది.
ఒక కాలు. ఇంకొకటి.
లెక్కబెడితే ఎనిమిది, వాటికి గోళ్లు.
బొద్దుగా, నిద్దరమత్తులో ఎలుగుపిల్ల మాదిరి
ఎటు పోవాలో తెలియక
ఉన్నచోటనే నీళ్లను తవ్వుతోంది.

తిప్పమ్మను పిలిచాను.
ఒక కన్ను మూయడం రాక
కొంగు అడ్డం పెట్టుకొని చూసింది,
శానాసేపు.
"ఇది ఎన్నాళ్ల నుంచి పండుకోనుండె?"

రిజిస్టరు తీశాను.
సున్నా పాయింటు సున్నా.
సున్నా పాయింటు సున్నా.
వేలు తడి చేసుకొని
పేజీలు వెనక్కి తిప్పుతున్నాను.