మంచు దిగిన రోజు

మే పదకొండు. వాల్నీ దీవి, దక్షిణపు కొస.
గాలి లేదు. చూపు పదడుగులు.
అంతవరకు రాసి పెన్సిల్ చెవి మీద దోపుకున్నాను.

ఎనిడ్ గారికి డెబ్బై తొమ్మిది.
ముందు పిచ్చుకలు వినిపించడం మానేశాయట,
తర్వాత కెటిల్ ఈల,
మూడేళ్లుగా ఏదీ లేదు.
అయినా ప్రతి వేసవీ ఇసుక దిబ్బ మీద
మడత కుర్చీ వేసుకుని, టెలిస్కోప్‌కి కన్ను ఆనించి
చెబుతూ పోతుంది, నేను రాస్తూ పోతాను:

"మెడ నిటారు. రెక్కల మణికట్లు బయటికి. ముక్కు కిందికి.
జరుగు అంటోంది."
"గడ్డి పీకుతోంది చూశావా. కోపం గడ్డి మీద కాదు,
గట్టు అవతలవాడి మీద."
"తల అటు తిప్పేసుకుంది. అలక కాదు.
ముక్కు కత్తి కదా, దాన్ని దాస్తోంది."

పెళ్లయి ఇరవై రెండేళ్లు,
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

చెవుల పని నాది.
సీగల్ కూతకి పుస్తకాల్లో ఇచ్చిన స్పెల్లింగులు
నాకెప్పుడూ బిగుతే. మార్జిన్‌లో తెలుగులో రాసుకుంటాను:
గూటి దగ్గర, వీపు వంచి, మెత్తగా: మ్యాఁ... ఊఁ.
మనిషి అలికిడైతే: గగగ, గగగ.
బళ్లో నేర్చిన అరసున్నాకి
ఇన్నాళ్లకి ఒక ఉద్యోగం దొరికింది.

ఇవాళ టెలిస్కోప్ నిండా పాలు.
ఆవిడకి ఏ దారీ లేదు.
నా చుట్టూ మాత్రం కుళాయి దగ్గర ఊరంతా చేరినట్టు తగువు.

"ఏమంటున్నాయి?"
నోటుబుక్కు చాపబోయి ఆగాను. అన్నీ మన అక్షరాలే.

లేచి నిలబడ్డాను,
యాభై రెండేళ్లవాణ్ణి, బారో ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి.
భుజాలు ఎడంగా పెట్టి
గడ్డం రొమ్ముకి తగిలేలా తల దించి
ఒక్క విసురున ఆకాశంలోకి ఎత్తి నోరు తెరిచాను,
చప్పుడు లేకుండా.

"పెద్ద కూత," అంది. "ఎన్ని?"
వేళ్లు చూపించాను, చాలక మళ్లీ చూపించాను.
తర్వాత వీపు వంచి, నోరు కొంచెమే తెరిచి నడిచాను.
"అదా. జతగాణ్ణి పిలుస్తోంది."
మోకాళ్ల మీద కూలబడి, గొంతులో ముల్లు దిగినట్టు
తల నేలకేసి పొడిచాను, పొడిచాను.
"గూడు ఎక్కడ కట్టాలో
తేలలేదన్నమాట ఇద్దరికీ."

ప్యాంటు తడిసింది. ఆవిడ నా వెనక్కి చూస్తూ
నవ్వాపుకుంటోంది.

తిరిగితే, మంచులోంచి ఒకటి
నడుచుకుంటూ వచ్చి నిలబడి ఉంది.
మెడ నిటారు. మణికట్లు బయటికి. ముక్కు కిందికి.

జరిగాను.