పొయ్యిరాళ్ళ గుట్ట, సర్వే నంబరు 83

రాయదుర్గం దాటినంక, అద్దాల మేడల వెనక
ఇంకా పేరు మిగిలిన గుట్ట ఇది.
కోర్టు కొలవమన్నది.
ట్రైపాడు మోసుకొని నేను,
గొడుగు మోసుకొని చైన్‌మన్ సాయన్న
ఎండ ముదరకముందే ఎక్కినం.

పాత నకలు నా సంచిలో ఉన్నది, ఉర్దూలో.
చదివిపెట్టింది రికార్డు రూము గౌసుద్దీన్ సాబ్,
భూతద్దం కింద ఒక్కో నుక్తా ఏరుకుంట:
"పదకొండెకరాల పద్నాలుగు గుంటలు.
గుట్ట. సాగుకు పనికిరాదు. శిస్తు లేదు.
పైన ఉన్న రాళ్ళు..."
అక్కడ చెద తిన్నది.
తర్వాతి పహాణీలో ఏడెకరాలు.
ఇగ అక్కడినుంచి 83/అ, 83/ఆ, 83/ఇ.
నంబరు పిల్లల్ని కంటనే ఉన్నది,
గుట్ట చిక్కిపోయింది బాలింత లెక్క.

రాయికి కాగితంతో పని లేదు.
రెండువందల యాభై కోట్ల ఏండ్ల కింద
భూమి కడుపులో, మైళ్ళ లోతున
తొందర లేకుండ ఆరిన ముద్ద ఇది.
అందుకే ఇంత లావు పలుకులు:
గులాబి రంగుది ఫెల్డ్‌స్పార్,
గాజుపెంకు లెక్కున్నది పలుగురాయి,
నల్లగ మిణుకుమనేది అభ్రకం.
మట్టి కింద ఉన్నప్పుడే పగుళ్ళెంబడి నీళ్ళు దిగి
మూలలు కొరికి కొరికి గుండ్లు చేసినయి.
వానలు ఆ మట్టిని మూసీ దాకా మోసినయి.
ఒకదానిమీదొకటి ఎవరూ పేర్చలేదు వీటిని.
చుట్టున్నది వెళ్ళిపోతే
ఇవి నిలబడ్డయి, అంతే.

"ఎవరు పేర్చలేదా?"
నోట్లో ఆకు ఆపి నవ్వింది దండుగుల ఎల్లవ్వ.
పెనిమిటి నలభై ఏండ్లు ఈ గుట్టనే కొట్టి తిన్నడు.
"రాకాసి ముసల్ది రాత్రికి రాత్రి పొయ్యి పెట్టింది.
గటక ఉడకకముందే కోడి కూసింది,
ఇడిసిపెట్టి ఉరికింది.
అగో ఆ నల్లచార, అది పొయ్యి మసి."
నల్లచార డోలరైట్ అని నాకు తెలుసు.
ఊకున్న.

"ఇంకో మాట సారు, లెక్కపెట్టకు.
ఒకపారి వచ్చిన లెక్క రెండోపారి రాదు.
మా ఆయన ఉలి ఆనిచ్చే ముందు
రాయి చెవుల చెప్పెటోడు:
నువ్వు లేవు, నేను చూడలేదు."

లెక్కపెట్టినం.
సాయన్నకు ఇరవై మూడు, నాకు ఇరవై రెండు.
బండ మీద కూలబడి మళ్ళా మొదలుపెట్టిన.
నడుమల గుట్ట అవతల ధనమని పేలింది,
కాళ్ళ కింద సన్నగ గుబులు,
గొడుగు మీద దుమ్ము.
ఇరవై ఒకటి.
ఎల్లవ్వ ఏమనలేదు,
కొంగు దోపుకొని మేకల దిక్కు పోయింది.

రిమార్కుల గడిలో ఇరవై ఒకటి రాసి
సంతకం పెట్టి కిందికి దిగినంక
ఆటో ఎక్కేటప్పుడు యాదికొచ్చింది:
నేను కూసున్న బండను లెక్కలో వెయ్యలేదు.

కాగితంలో లేదని దాన్ని వదిలేస్తరో,
కాగితంలో లేదనే ముందుగాల దాన్నే పగలగొడతరో.
పెన్ను తీసిన, మూసిన.

"సారు," అన్నడు సాయన్న,
"ప్యాంటు ఎనక దులుపుకోండ్రి,
మెరుస్తున్నది."