ఎడ్డెం తెడ్డెం

నెలలో రెండో శనివారం
ఓర్లిన్ ట్వైట్ షెడ్డులో కలుస్తాం.
తొమ్మిదిమందిమి. చలి ముదిరితే ఆరుగురం.
వెర్నా కోల్‌స్టాడ్ ఫ్లాస్కు నిండా కాఫీ తెస్తుంది
లైల్ తన మోకాలినొప్పి తెస్తాడు
నేను నోటుపుస్తకం తెస్తాను.
ఏ బోల్టు ఏ డబ్బాలో పడుకుందో రాసేది నేనే.

బయట మోంటానా.
మంచు, కంచె, మళ్ళీ మంచు.
లోపల దిమ్మెల మీద, పొట్ట విప్పుకుని
నలభై ఎనిమిదో మోడలు ఫోర్డు ట్రక్కు.

పుట్టినప్పుడు దీని బలమంతా వెనక చక్రాలదే.
ముందువి ఊరికే దారి చూపేవి
పెళ్ళిలో పెద్దమనుషుల్లా.
కొన్నవాడెవరో ఇండియానాపొలిస్ పంపిస్తే
అక్కడ ముందు ఇరుసు తీసేసి వేరేది తొడిగి
నాలుగు కాళ్ళకీ పని నేర్పారు.
సాక్ష్యానికి డ్యాష్‌బోర్డు మీద ఒక ఇత్తడి పలక,
సగం చెరిగిన నంబరు.
ఆ మిగతా సగం కోసం
లైల్ ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాడు.

హ్యారియెట్ డ్యూసెక్ గడ్డి కొట్టంలో దొరికింది.
సీటులో ఎలుకలు నాలుగు తరాలు కాపురం చేసి
ఖాళీ చేసి వెళ్ళాయి.
ముందు ఇరుసు మాత్రం లేదు.
అది రెండొందల మైళ్ళ అవతల
ఎవరిదో గొర్రెల నీళ్ళబండి కింద
తానెవరో మరిచిపోయి తిరుగుతోంది.
ఇవ్వనన్నాడు. మళ్ళీ వెళితే మళ్ళీ ఇవ్వనన్నాడు.
మూడోసారి వెర్నా ఒక్కతే వెళ్ళింది.
ఏం మాట్లాడిందో చెప్పదు,
ఇరుసుతో పాటు ఒక గొర్రెపిల్లని కూడా తెచ్చింది.

అమ్మేటప్పుడు హ్యారియెట్‌ది ఒకటే షరతు:
ఎడమ తలుపు సొట్ట తీయకండి.
ఎందుకని అడగాలనిపించింది.
ఆవిడ ముఖం చూసి చెక్కు రాసిచ్చాం.

తర్వాత రంగు గొడవ.
ఫ్యాక్టరీ ఆకుపచ్చే వెయ్యాలి, ఆ పచ్చే, అన్నాడు లైల్.
ఏ పచ్చో నీకేం తెలుసు, అంది వెర్నా,
ఎండ డెబ్భై ఏళ్ళు కూర్చుని వేసిన రంగుని
రెండు గంటల్లో గీకేస్తావా?
అంతే, చలికాలమంతా మాటల్లేవు.
"లైల్‌ని ముప్పావు పానా ఇమ్మను" అనేది నాతో.
లైల్ మూడడుగుల దూరంలో ఉండేవాడు.
నేను పానా మోసేదాన్ని.

ఏప్రిల్‌లో మంచు బురదయ్యాక బయటికి తోశాం.
ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి పలికింది.
ఓర్లిన్ రెండో లివరు లాగాడు.
ట్రక్కు కదల్లేదు.
వణికింది, మూలిగింది, ఉన్నచోటే కుంగింది.
వెనక చక్రాలు బురదని వెనక్కి చిమ్ముతున్నాయి
ముందు చక్రాలు ముందుకి.
ఎడ్డెమంటే తెడ్డెం!
ఒక్క ఒంట్లో రెండు ప్రయాణాలు.

"డిఫరెన్షియల్ తలకిందులుగా బిగించాం"
అన్నాడు ఓర్లిన్, ఇంజను ఆపేసి.
ఎవరు బిగించింది?
పుస్తకం తిరగేశాను.
ఫిబ్రవరి పద్నాలుగు.
కుడివైపు అయిదు బోల్టులు లైల్, ఎడమవైపు అయిదు వెర్నా.
చదవనా వద్దా అనుకుంటూనే పైకి చదివేశాను.
చాలాసేపు ఎవరూ నవ్వలేదు.
"ముప్పావు పానా" అంది వెర్నా చెయ్యి చాచి
నా వైపు కాదు.

రంగు సంగతి ఇంకా తేలలేదు.

జూన్‌లో, తుప్పు తుప్పుగానే,
హ్యారియెట్ ఇంటికి తోలుకెళ్ళాం.
ఆవిడ చుట్టూ తిరగలేదు, ఆహా అనలేదు.
సొట్ట ఉన్న తలుపు తీసి
ఓర్లిన్‌ని అవతలికి జరగమంది.
రెండో లివరు ఎక్కడుందో చూపించబోతే
చేతిమీద చిన్నగా కొట్టింది.
గుట్ట ఎక్కించింది, దించింది,
గేటు దగ్గర వేగం తగ్గించకుండా
ఎడమ స్తంభాన్ని అంగుళం దూరంలో దాటించి
ఆగి, అప్పుడు చూసింది దాన్ని.
మేమూ చూశాం.
తలుపంత ఎత్తున
పాత కర్ర చీలికలో
గోరంత ఆకుపచ్చ.

మోకాలి మాట మరిచిపోయి
లైల్ వెనకనించి కిందికి దూకాడు.