రాయి మీద చెవులు

శనివారం, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను.
మేకన్ ఊరి పాత శ్మశానంలో
పొద్దు ఇంకా పైన్ చెట్ల నడుములు దాటలేదు.
ఓడెల్ పింకర్డ్ ఒక బకెట్టు, మెత్తని బ్రష్షు చేతికిచ్చి
"బ్లీచ్ వద్దు, ఇనుప పీచు వద్దు,
కింది నుంచి పైకి తోము" అన్నాడు.
ముప్పై ఏళ్లు గిన్నెలు తోమిన చెయ్యి నాది.
దానికి దిక్కు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

కంచెకి ఈవల పాలరాతి దేవదూతలు,
పత్తి షావుకార్లు, పేరున్న వాళ్ల కుక్కలు.
కంచెకి ఆవల, నది వైపు జారే పల్లంలో
కెజీయా మోబ్లీ.
ఆయన కజాయా అంటాడు.
నేను కెజీయా అంటాను,
బూడిదలోంచి లేచాక యోబుకి పుట్టిన రెండో కూతురు.
మా పెద్దత్త పేరూ అదే,
ఒంగోలు సంతలో ఎండుమిరప అమ్మేది.
ఎవరి పలుకు వాళ్లం పలుకుతూ
ఇద్దరం ఒకే మనిషికి నీళ్లు పోశాం.

పుట్టిన ఏడు రాయి మీద లేదు.
అమ్మినవాడి చిట్టాలో ఉండే ఉంటుంది,
దూడల ఈడు పక్కన.
పోయిన ఏడు ఉంది, 1891.
మధ్య సంగతి ఆయన చెప్పాడు,
ముత్తవ్వ నోటి నుంచి తన దాకా వచ్చినంత.

బట్టలు ఉతికేది. చదువు రాదు.
పోస్టుమాస్టరు కూతురు పెరటి గుమ్మంలో కూచుని చదువుతుంటే
నీళ్లు కాగేలోపు ఒక కీర్తన కంఠస్థం.
ఆరు రోజులు దొరల కాలర్లకి గంజి,
ఏడో రోజు వాక్యం.
ఆడది వేదిక ఎక్కరాదని సంఘపెద్దలు తీర్మానం రాశారు.
ఎక్కలేదు.
తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.
జనం బెంచీలు వెనక్కి తిప్పుకున్నారు.
ఆ బెంచీలు తిరిగిన చప్పుడుకే సంఘం చీలిందట.
నలభై మందితో, ఇటుకబట్టీ వెనక రేకుల షెడ్డులో
సొంతంగా ఒక గుడి.
అది ఇప్పుడు టైర్ల దుకాణం.
"నా కారుకి అక్కడే గాలి పట్టిస్తాను"
అన్నాడాయన, నవ్వకుండా.

రాయికి డబ్బులు ఉతికే ఆడవాళ్లే పోగేశారు,
అంతా చిల్లర.
నెత్తిన ఏదో గుండ్రటి చెక్కడం, నాచు మూసేసింది.
కిరీటమని కొందరు. ఉదయించే సూర్యుడని
చరిత్ర సంఘం వాళ్ల బోర్డు.

కింది నుంచి పైకి తోముతూ వచ్చాను,
ఏడు మీదుగా, పేరు మీదుగా.
పచ్చటి నీళ్లు మోచేతి దాకా కారాయి.
గుండ్రానికి రెండు పక్కలా
రెండు చెవులు తేలాయి.

సూర్యుడికి చెవులుండవు.
కిరీటానికీ ఉండవు.
గంగాళం.
మా నాయనమ్మ దుప్పట్లు నానేసేది,
నలుగురు పిల్లలం చెరో చెవీ పట్టి ఈడ్చేవాళ్లం, అదే.
ఇక్కడ బోర్లించి ఉంది, అడుగు పైకి.
అడుగు మీద రెండు చిన్న సొట్టలు.
మడమలు కావచ్చు. వాన కావచ్చు.

"పింకర్డ్ గారూ, ఇటు రండి."
ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు,
మళ్లీ తీసి తుడిచాడు.
వేదిక ఎక్కొద్దని రాశారు.
గంగాళం ఎక్కొద్దని
ఏ తీర్మానంలోనూ రాయలేదు.

మా తాత తండ్రి ఉపదేశి.
వాగవతల, పేట వాళ్లకి విడిగా ఇచ్చిన చెలకలో
ఒరిగిన నాపరాయి కింద ఉన్నాడు.
పేరు సున్నంతో రాశారు, రెండు వానలకి పోయింది.
ఆయన దేని మీద నిలబడి మాట్లాడేవాడో
అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు.
నేనూ అడగలేదు, మిగిలినప్పుడు.

నిద్రకి కళ్లు మండుతున్నాయి.
పక్క రాయికి పేరే లేదు, ఒట్టి పలక,
దాని మీదా అంతే నాచు.
బకెట్టు ఖాళీ.
కొళాయి ఎక్కడని అడిగాను.