మూరెడు తాడు

తాడు ఉతికి వంటింటి కొళాయికి ఆరేశాను.
మూరెడు కూడా ఉండదు. రెండు కొసలా రెండు ఉచ్చులు:
ఒకటి దియొలింద ఎడమ మణికట్టుకి,
ఒకటి నా కుడి చేతికి.
ఆరునెలల చెమట బూడిదరంగు నీళ్ళై
తూములోకి సన్నగా జారిపోయింది.
రేపు పొద్దున్న ఎనిమిదింటికి పరుగు.
కింద వీధిలో ఎవరో చేపల పెట్టెలు కడుగుతున్నారు.

బల్లమీద సామాను పరిచి మూడోసారి లెక్కపెట్టాను.
వాజలైన్ డబ్బా, ఉప్పు బిళ్ళలు,
కాలివేళ్ళకి చుట్టే పట్టీ,
పిన్నీసులు ఎనిమిది, ఆమెకి నాలుగు, నాకు నాలుగు.
తొమ్మిదోది ఒకటి కనబడింది.
ఎక్కడిదా అని
పావుగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ పోర్తో ఊళ్ళో ట్రాములు బాగుచేసేవాణ్ణి నేను.
గ్రీజూ, స్పానరూ నా భాష.
మధ్యాహ్నం భోజనానికి కూడా
పది మాటలు మించి ఖర్చుపెట్టను.
అలాంటివాడి నోటికి
నలభై రెండు కిలోమీటర్లు అప్పజెప్పింది దియొలింద,
ఆసుపత్రిలో పగలంతా ఫోన్లెత్తే మనిషి,
గొంతు వినగానే ఎవరికే వార్డు కావాలో చెప్పేస్తుంది.
మెట్టు. గుంత. కుడికి. తడి.
వంతెన దిగాక రాళ్ళబాట, పాదం ఎత్తి వెయ్యి.
ఒక్క మాట ఆలస్యమైతే
ఒక మోకాలు.

అయింది కూడా, సెప్టెంబరులో.
నది సముద్రంలో కలిసే చోట
ఓడ ఒకటి లోపలికొస్తుంటే చూస్తూ ఉండిపోయాను.
"పట్టా" అన్న రెండక్షరాలు
నాలిక మీదే నిలబడిపోయాయి.
ఇరవై రెండేళ్ళుగా నేను మరమ్మతు చేస్తున్న పట్టా.
ఆమె లేచి కూర్చుని, మోకాలు తడిమి,
వేలికంటిన నెత్తురు వాసన చూసుకుని,
"ఓడ పెద్దదేనా?" అంది.
కూత తనూ వినుంటుంది.
ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.
ఎత్తితే బావుండేది.

ఇందాక కింది అంతస్తు నుంచి గిన్నె పట్టుకుని వచ్చింది,
అన్నం, ఉడికించిన కాడ్ చేప, పైన నాలుగు చుక్కల నూనె.
నాకు ముద్ద దిగలేదు. తను రెండుసార్లు వడ్డించుకుంది.
నా బనీను తీసుకుని అంకెల కాగితం పెట్టి
నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చింది,
ఒక్క ముడత లేకుండా.
తన చొక్కాకి నేను గుచ్చబోతే
చెయ్యి వణికి, వేలికి దిగింది.
నవ్వింది. నేనే గుచ్చుకుంటాలే అంది.

చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది.
మంగళవారం నుంచి నా ఎడమ పిక్క పట్టేసింది.
పిక్కబలం అంటే పారిపోవడమని నవ్వుతారు గానీ
పారిపోవడానికైనా అది ఉండాలి కదా.
రోజూ రాత్రి వేడినీళ్ళు, మర్దన, కాస్త ప్రార్థన.
తెల్లారేసరికి మళ్ళీ లోపల ఎవరో
తీగ మెలిపెడుతున్నట్టు.

గిన్నె కడిగి, గుమ్మం దాకా వెళ్ళి,
గొళ్ళెం మీద చెయ్యేసి అంది:
"బెల్మీరూ, బుధవారం నుంచి
నీ ఎడమ అడుగు ఆలస్యంగా పడుతోంది.
రేపు కిలోమీటరుకి పది సెకన్లు తగ్గిద్దాం.
నాకేం తొందర లేదు."
నేనేమనాలో తోచక
"మంగళవారం" అన్నాను.
"మంగళవారం మనం పరిగెత్తలేదు," అంది. వెళ్ళిపోయింది.

పన్నెండు దాటింది. కంటి మీద కునుకు లేదు.
దీపం తీసేసి వంటింట్లో నడుస్తున్నాను, చేతులు చాచి,
కుర్చీకీ పొయ్యికీ పేర్లు పెట్టి పిలుస్తూ.
మెట్టు. గుంత. కుడికి.
పట్టా.
చీకట్లో ఎవరూ లేకపోయినా
అది మాత్రం కాస్త లేటుగానే వచ్చింది.
మళ్ళీ అన్నాను. మళ్ళీ.

కింది నుంచి చీపురుకర్రతో
కప్పు మీద రెండుసార్లు కొట్టింది.

కొళాయి దగ్గరకెళ్ళి తాడు పట్టి చూశాను.
ఇంకా తడిగానే ఉంది.